రెండు బేసి రోజులు

సరి బేసి లెక్క నాది. ఈ మాట చెప్పవలసిన రోజున నోరు మూసుకుని కూర్చున్నాను కాబట్టి, ఇప్పుడు అన్నిటికంటే ముందు అదే చెబుతున్నాను.

ఎనభై ఒకటి వేసవి. విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో, రోడ్డు కింద సముద్రపొడ్డున మంగిరేవు, దిబ్బలపాలెం అని రెండు జాలరి ఊళ్ళు. రెంటికీ నడుమ మిషన్ వాళ్ళ ఎలిమెంటరీ స్కూలు. మా నాన్న జ్ఞానశేఖర్ దానికి హెడ్మాస్టరు. నేను మూడో తరగతి టీచర్ని. మా అమ్మ ఫ్లోరెన్స్ మా ఇద్దరికీ వండిపెట్టి, ఇద్దర్నీ తిట్టే మనిషి. స్కూలు వెనక రెండు గదుల్లో కాపురం.

స్కూలు ఎదురుగా అర మైలు పొడవున ఇసక. ఒడ్డుకు లాగే పెద్ద వల వెయ్యాలంటే ఆ దాపుల్లో అదొక్కటే చోటు. మిగతా చోట్ల నీళ్ళ కింద రాళ్ళు, వల చిరిగిపోతుంది. ఆ చోటు ఒకే రోజు రెండు వలలకు చాలదు. అది మాదంటే మాదని రెండు ఊళ్ళూ మూడేళ్ళుగా కొట్టుకుంటున్నాయి. ఆ జనవరిలో మంగిరేవు పెద్ద పోలిరాజు మేనల్లుడికి తెడ్డు దెబ్బ తగిలి తల పగిలింది. ఆసుపత్రి దాకా కూడా బతకలేదు. ఇరవై రెండేళ్ళవాడు. మా నాన్న దగ్గర అక్షరాలు దిద్దినవాడే.

దాని తరవాత ప్రభుత్వం వారు శాంతి సంఘం వేశారు. ఆర్డీవో శ్రీరామ్మూర్తిగారు అధ్యక్షులు, మా నాన్న కార్యదర్శి. మేము జాలర్లం కాము, ఆదివారం చర్చికి పోయేవాళ్ళం, ఎవరి చుట్టాలమూ కాము. అందుచేత మాస్టారైతే పక్షపాతం చూపరని రెండు ఊళ్ళూ ఒప్పుకున్నాయి. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకేటి?" అంది.

నాన్న వినలేదు. ఎప్పుడు విన్నాడు కనక.

సంఘం ఆరుసార్లు కూడింది. ఆరుసార్లూ ఆర్డీవో ఆఫీసులో టీలు తాగారు, ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు, తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు. ఏడోసారి కూడబోయే ముందు రోజు నేను మూడో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. సరిసంఖ్యల చుట్టూ సున్నా చుట్టండి అని ప్రశ్న. దిద్దుతూ దిద్దుతూ, అన్నం తింటున్న నాన్నతో యథాలాపంగా అన్నాను. సరి తేదీల్లో ఒక ఊరూ బేసి తేదీల్లో ఒక ఊరూ వల వేసుకుంటే పోలేదా అని. నాన్న కలుపుతున్న అన్నం అలాగే వదిలేసి నా మొహంలోకి చూశాడు. ఆయన నన్ను అంత మెచ్చుకోలుగా చూడటం అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు.

ఏప్రిల్ పదమూడున ఒప్పందం అయింది. టైపు పరీక్ష పాసయ్యాను కనక ఆఫీసు మిషన్ మీద నేనే కొట్టాను. బేసి తేదీలు మంగిరేవువి, సరి తేదీలు దిబ్బలపాలెంవి. మంగిరేవుకి పోలిరాజు, దిబ్బలపాలేనికి సూరన్న వేలిముద్రలు వేశారు. శ్రీరామ్మూర్తిగారు కళ్ళజోడు తీసి, ఇంత సులువైన ఉపాయం మూడేళ్ళుగా ఎవరికీ ఎందుకు తట్టలేదండీ మాస్టారూ అన్నారు. నాన్న నా పేరు చెప్పబోయాడు. నేను వద్దని సైగ చేశాను. అప్పటికది సిగ్గు. మెప్పు వద్దనుకున్నదాన్ని తప్పు మీద పడినప్పుడు మాత్రం ముందుకొస్తానా? రాలేదు.

ఆ ఊళ్ళలో తేదీలతో పని లేదు. వాళ్ళ లెక్క చంద్రుడిది, పోటుది, గాలిది. అందుకని రోజూ సాయంత్రం నాన్న స్కూలు బయటి గోడకున్న బోర్డు మీద మర్నాటి తేదీ పెద్ద అంకెల్లో రాసేవాడు. ఇరు పక్షాల మనుషులూ వచ్చి చూసుకుని, ఎవరి రోజైతే వాళ్ళు వల సర్దుకునేవారు. నెల్లాళ్ళు ఒక్క గొడవ లేదు. రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ మళ్ళీ ఒకే బస్సెక్కి పూర్ణా మార్కెట్టుకి గంపలు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నాన్న అంగుళం పొడుగైనట్టు నడిచేవాడు. మా అమ్మ కూడా తిట్టడం తగ్గించింది.

మే పందొమ్మిదిన సూరన్న భార్య పోతమ్మ వచ్చింది. గంప గుమ్మం దగ్గర దించి, చెంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"పాపా, అమాసకి ముందురోజు ఎవుల్ది, మాదా ఆల్దా? అమాస పోటుకి సేప ఒడ్డుకొస్తాది. మా కుర్రోళ్ళిద్దరూ హార్బరు పన్లో ఉన్నారు. మాదైతే పిలిపించుకోవాల."

క్యాలెండరు చూశాను. జూన్ రెండు అమావాస్య. ముందురోజు ఒకటి. అలవాటుకొద్దీ పిడికిలి బిగించి, కణుపుల మీద నెలలు లెక్కపెట్టాను, పిల్లలకి నేర్పినట్టే. మే నెల కణుపు మీద పడింది. ముప్ఫై ఒక్క రోజులు. ముప్ఫై ఒకటి బేసి. మర్నాడు ఒకటి. అదీ బేసి.

పిడికిలి విప్పలేదు. ఏటి పాపా అని పోతమ్మ మళ్ళీ అడిగింది. నాన్ననడిగి చెబుతానన్నాను. ఆవిడ గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకి ముప్ఫై రోజులు, కొన్నిటికి ముప్ఫై ఒకటి అని పాట కట్టి పాడించే టీచర్ని నేను. ఆ లెక్క ఆర్డీవోకి తట్టలేదు సరే, ఆయనకి వెయ్యి పనులు. నాకేమైంది? ఒప్పందం ఏప్రిల్లో మొదలవడం వల్ల తప్పు నెలన్నర దాక్కుంది. ఏప్రిల్ ముప్ఫై సరి, మే ఒకటి బేసి. అంతా సవ్యంగా నడిచినట్టే కనిపించింది.

నాన్నకి చెబితే తనూ పిడికిలి బిగించి లెక్కపెట్టుకున్నాడు. కోప్పడలేదు. ఒక్క వాక్యం చేరిస్తే చాలు కదా, పన్నెండు రోజులుంది అన్నాడు. ముప్ఫై ఒకటో తేదీ ఉన్న నెలల్లో ఆ రోజు ఎవరూ వల వేయరాదు. అంతే. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, పైగా తప్పు నాది. కాగితం పట్టుకుని నేను బయల్దేరాను.

ఆఫీసులో శాంతి సంఘం ఫైలు చూసే గుమాస్తా గురునాథరావు. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే మనిషి. నా కాగితం రెండుసార్లు చదివి, చాలా మర్యాదగా చెప్పాడు. ఒప్పందంలో ఒక వాక్యం చేర్చినా కొత్త ఒప్పందం చేసినట్టే. ఇరు పక్షాల వేలిముద్రలు కావాలి, సంఘం తీర్మానం కావాలి, దాని మీద అధ్యక్షులవారి ఉత్తర్వు కావాలి. అధ్యక్షులవారు ఎప్పుడొస్తారన్నాను. ఆయన రారు, వారం కిందట ఉక్కు ఫ్యాక్టరీ భూముల పనికి వేశారు అన్నాడు. కొత్తాయన ఇంకా చేరలేదు, ఇన్‌ఛార్జిగారు మంగళవారం, శుక్రవారం వస్తారు. ఆ రోజు బుధవారం.

శుక్రవారం వెళ్ళాను. ఇన్‌ఛార్జిగారు వచ్చి వెళ్ళిపోయారు. మంగళవారం వెళ్ళాను. ఉన్నారు, కానీ ఆయనకి ఒప్పందం సంగతి తెలీదు, ఫైలు పెట్టమన్నారు. ఫైలు పెట్టాలంటే వేలిముద్రలు కావాలి. వేలిముద్రలు లేకుండా కనీసం విషయం రాసి పంపండని గురునాథరావుని బతిమాలాను. రాస్తానన్నాడు. గోడ గడియారం చూసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, బస్సుకి టైమయిందమ్మా అని లేచాడు. ఆ మనిషి మీద కోపం రాలేదంటే అబద్ధం. ఆ డబ్బా లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

బుధవారం రెండు బస్సులు మారి కూర్మన్నపాలెం వెళ్ళాను. రేకుల షెడ్డులో ఆఫీసు. బయట ఎండలో భూములు పోయినవాళ్ళు కాగితాలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు. శ్రీరామ్మూర్తిగారు నన్ను చూసి సంతోషించి, కుర్చీ వేయించి టీ ఇప్పించారు. నేను చెప్పేది మొత్తం విన్నారు. విని, చేతివేళ్ళు లెక్కపెట్టుకుని, అయ్యో అన్నారు.

"కానీ అమ్మా, ఆ ఉత్తర్వు ఆ కుర్చీది. నాది కాదు. ఇప్పుడు నేను ఒక్క ముక్క రాసినా పరాయి ఆఫీసులో వేలు పెట్టినట్టవుతుంది."

ఒక్క ఫోన్ చెయ్యండి సార్ అన్నాను. చేస్తాన్లే అన్నారు. హైదరాబాదు మీటింగులో మా సరి బేసి ఉపాయం చెబితే అందరూ చప్పట్లు కొట్టారని కూడా చెప్పారు. నేను టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాడు ఒక్కడు దొరికినా నాకు సుఖంగా ఉండేది, వాణ్ణి తిట్టుకుని నిద్రపోయేదాన్ని.

ఇక మిగిలినవి వేలిముద్రలు, ముందు పోలిరాజుది. ఇరవై ఎనిమిదిన నాన్నా నేనూ మంగిరేవు వెళ్ళాం. పోలిరాజు ఇంటి ముందు కూర్చుని వల అతుకుతున్నాడు. నాన్న దాపరికం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒప్పందంలో తప్పు దొర్లింది, మీకు వరసగా రెండు రోజులొస్తున్నాయి, అదీ అమావాస్య ముందు. సరిచేసే కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. పోలిరాజు దారం పంటితో తెంపాడు.

"మాస్టారూ, మా తాత నాటి నుంచీ కాగితం వొచ్చిందంటే మా జాగా పోనాదనే లెక్క. ఓసారి రోడ్డుకన్నారు, ఓసారి గోడౌన్లకన్నారు. కాగితం మా పక్క మాటాడ్డం ఇదే మొదలు. ఇప్పుడు నానెల్లి, అది తప్పు కాగితం, ఒగ్గీయండ్రా అంటే మా కుర్రోళ్ళు నన్నేటంటారు?"

అది ధర్మం కాదు కదా అన్నాడు నాన్న.

"మా వోడు పోనాడు. ఆడికి బదులు ఒక్క రోజు ఎక్కువొస్తే అధర్మవేటి?"

నాన్న కాగితం మడుచుకున్నాడు.  వల మీద ఎండు చేపల వాసన వేస్తోంది, ఇంట్లోంచి ఒక ముసలావిడ దగ్గు వినిపిస్తోంది.  వేలిముద్ర లేకుండానే తిరిగొచ్చాం. స్కూలు దాటి దిబ్బలపాలెం వెళ్ళి సూరన్నకి కూడా నాన్న అంతా చెప్పాడు. సూరన్న గొడవ చెయ్యలేదు. మీరు సరిసేత్తారు గదా మాస్టారూ, మీరు బోర్డు మీద ఏటి రాత్తే అదే మాకు అన్నాడు. అలా నమ్మకపోయినా బాగుండేది.

శనివారం ముప్ఫైన మళ్ళీ ఆఫీసు. గురునాథరావు మాట నిలబెట్టుకున్నాడు, వేలిముద్రలు లేకుండానే ఫైలు పెట్టాడు. సంతకం పెట్టవలసిన ఇన్‌ఛార్జిగారు సెలవు మీద వెళ్ళారు.

ఆదివారం ముప్ఫై ఒకటి. బేసి. మంగిరేవు వల వేసింది. పొద్దున్న చర్చికి పోతూ చూశాం, వల నిండా కవళ్ళ చేపలు పడ్డాయి. ఒడ్డంతా తళతళ. దిబ్బలపాలెం వాళ్ళు వాళ్ళ ఇసక అంచున నిలబడి చూస్తున్నారు. 

సాయంత్రం నాన్న సుద్దముక్క తీసుకుని బయటికి వస్తుంటే నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. పగలంతా ఆలోచించి పెట్టుకున్నది చెప్పాను. రేపు ఒకటి అని రాయొద్దు. ముప్ఫై రెండు అని రాయి. ఎల్లుండి సంగతి ఎల్లుండి. సూరన్నకి కావలసింది బోర్డు మీద సరి అంకె. పోలిరాజుకి కావలసింది కుర్రాళ్ళ ముందు చెప్పుకోడానికి ఒక సాకు. మాస్టారే అలా రాశారు, నానేటి సేతును అంటాడు. రెండు ఊళ్ళూ నిన్ను తిడతాయి, నన్ను తిడతాయి, కొట్టుకోవు.

నాన్న తల అడ్డంగా ఊపాడు. నా మాట ఆయనకి అర్థం కాక కాదు.

"ముప్ఫై రెండో తేదీ లేదు జయా. పిల్లలు చూసే బోర్డు మీద లేని తేదీ రాయను."

"సెలవుల్లో ఏ పిల్లలు చూస్తారు?"

"నేను చూస్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ నిజాయితీ కోసం ఎవరి తల పగలాలి అని అడిగాను. తండ్రితో అలా మాట్లాడకూడదని తెలుసు, అయినా అడిగాను. లోపల మా అమ్మ గిన్నెలు కడగడం ఆపింది. నాన్న నా పక్కనుంచి దారి చేసుకుని వెళ్ళి, ఒకటి అని రాసి వచ్చాడు. 

మర్నాడు పొద్దున్న ఆరింటికే రెండు నావలు నీళ్ళ మీద ఉన్నాయి. మంగిరేవు వాళ్ళు వల వేసి దాన్ని లాగే మోకులు ఒడ్డుకి తెచ్చేలోపు, దిబ్బలపాలెం వాళ్ళు దాని లోపలి వైపున తమ వల దింపడం మొదలుపెట్టారు. కర్రలు తేలేదు, కత్తులు తేలేదు. వలే తెచ్చారు. ఒడ్డున రెండు ఊళ్ళ మగవాళ్ళూ పరుగులు. నాన్న మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి నీళ్ళలోకి దిగాడు. నడుం లోతున రెండు నావల మధ్య నిలబడి, రెండు చేతులూ రెండు నావల మీద వేశాడు. ఏదో చెబుతున్నాడు. అలల హోరులో నాకు వినిపించలేదు.

ఎవరి తెడ్డో తెలీదు. ఎవరూ చూడలేదన్నారు. కొట్టాలని కొట్టింది కాదని ఇప్పటికీ అనుకుంటాను. నాన్న ఎడమ కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, బెంచీ మీద కూర్చున్నట్టు నీళ్ళలో కూర్చుండిపోయాడు.

అరుపులు ఆగిపోయాయి. వలలు రెండూ మెలిపడి, పట్టుకునే దిక్కులేక పోటుకి కొట్టుకుపోయాయి. నలుగురు ఆయన్ని తెరచాప గుడ్డలో వేసి రోడ్డు మీదికి మోశారు. ఆ నలుగురూ ఏ ఊరివాళ్ళో నేను చూడలేదు.

ఎడమ కన్ను తీసేశారు. కుడికంటికి కూడా దెబ్బ దిగిందని నాలుగు వారాలు కట్టు విప్పొద్దన్నారు. పెద్దాసుపత్రి వార్డులో రెండు కళ్ళకూ కట్టుతో పడుకుని ఉండగా పోలీసులు వచ్చి అడిగారు. ఈ సరి బేసి ఏర్పాటు ఎవరు చేశారు, ఇందులో తప్పుందని ఎవరికి ముందు తెలుసు.

"లెక్క నాది. తప్పూ నాదే," అన్నాడు నాన్న.

నేను మంచం పట్టె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. రాసుకున్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక మా అమ్మ నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నీ నోరేమైంది అని మాత్రం అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఆవిడకి ఏం చెప్పను? ఉద్యోగం పోతుందని భయమా? మిషన్ వాళ్ళేమంటారనా? అవేవీ కాదు. నోరు తెరవడం ఒక్క క్షణం ఆలస్యమైంది, ఆ తరవాత ఇక తెరవలేకపోయాను.

తొమ్మిదో రోజున పోలిరాజు వచ్చాడు. అదే వేళకి సూరన్న, పోతమ్మ వచ్చారు. కూడబలుక్కుని రాలేదు, ఎదురెదురు పడ్డాక వెనక్కి పోవడానికి మొహమాటపడ్డారు. పోలిరాజు మంచానికి ఒక పక్కన, సూరన్న మరో పక్కన నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇద్దరూ నాన్నతోనే మాట్లాడారు. ఎలాగున్నారు, కన్ను సలుపుతుందా అని. ఒడ్డున పోలీసు టెంటు వేశారనీ వారం రోజులుగా ఎవరి వలా నీళ్ళు తాకలేదనీ చెప్పారు. పస్తులుంటున్నామని చెప్పలేదు, మొహాలు చూస్తే తెలుస్తూనే ఉంది.

కింద కూర్చున్న పోతమ్మ ఉన్నట్టుండి మాట్లాడింది.

"మా అత్త కాలంలో రోజు లెక్క నేదు మాస్టారూ. వల లెక్క. ఓ వల ఒడ్డుకొచ్చిందా, ఆ ఊరు ఎనక్కి, అవతలూరు ముందుకి. సంద్రం బాగోక నాలుగు రోజులు ఎవులూ దిగకపోనా ఆ వంతు ఆల్దే ఉంటాది."

అది అంత తేలిక. రోజులు ముప్ఫై అయితే ఏమిటి, ముప్ఫై ఒకటైతే ఏమిటి. నాకు ముందు వచ్చింది సంతోషం కాదు, కోపం. మరి ఏడు మీటింగుల్లో ఈ మాట ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నన్నెవులు పిలిసినారు పాపా?" అంది.

"ఆపీసరుగారు ఏ తారీకులు గావాలని అడిగినారు," అన్నాడు సూరన్న నేల చూస్తూ. "అడిగిందానికి సెప్పినాం."

మూడేళ్ళ కిందట ఒక తుపాను తరవాత ఎవరి వంతో తేలక ఆ పద్ధతి చెడిందని, అప్పట్నించే ఈ గొడవలని నాన్న అడిగి అడిగి రాబట్టాడు. తిరిగి దానికే పోతే మరి మొదటి వల ఎవరిది అన్నాడు. వార్డులో నర్సు ఎవరికో ఇంజక్షను ఇచ్చి, ట్రే తీసుకుని వెళ్ళిపోయింది. చనిపోయిన కుర్రాడి మేనమామ పోలిరాజు. అడగవలసింది ఆయన, పట్టుబట్టవలసింది ఆయన.

"ముందు మీరేసుకోండి బావా," అన్నాడు పోలిరాజు.

సూరన్న తలెత్తి చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, తల ఊపాడు. నేను సంచీలోంచి కాగితం, పెన్నూ తీశాను. అలవాటు.

"కాగితం వద్దమ్మా," అన్నాడు పోలిరాజు, చాలా మెత్తగా.

కాగితం మడిచాను. ఇక ఇప్పుడైనా చెప్పకపోతే నా బతుకెందుకనిపించింది. ఆ సరి బేసి లెక్క నాన్నది కాదు, నాది అన్నాను. నాన్న కట్లతోనే నా వైపు మొహం తిప్పి, జయా, ఊరుకో అన్నాడు.  పోతమ్మ లేచి చీర దులుపుకుంది.

"ఎవుల్దైతే ఏటిలే పాపా," అంది. "కన్ను ఆయన్ది గదా."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను ఈ రోజుకీ వదల్లేదు.

నాలుగు రోజుల్లో పోలీసు టెంటులో మనుషులు పలచబడ్డారు. హెడ్డు కానిస్టేబులు గడుసు మనిషి, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒప్పందం మార్పు ఫైలు పైన నడుస్తోంది కాబట్టి అది తేలేదాకా నాకేమీ తెలీదు అన్నాడట. మొదటి వల దిబ్బలపాలెం వేసింది. పడ్డది పెద్దగా లేదు, కాసిని నెత్తళ్ళు. ఒడ్డుకి చేర్చి, వాళ్ళు వెనక్కి జరిగారు. మంగిరేవు ముందుకొచ్చింది. మధ్యలో మూడు రోజులు సముద్రం పోటెత్తి ఎవరూ దిగలేదు. నాలుగో రోజు వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. బోర్డు మీద ఒకటి అంకె సగం చెరిగి అలాగే ఉంది. స్కూలు తెరిచాక నేను తుడిచాను.

జూన్ ఇరవై నాలుగున గురునాథరావు మా గుమ్మంలోకి వచ్చాడు. ఎండకి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆ రోజు సెలవు పెట్టుకుని, పద్మనాభం నుంచి సొంత ఖర్చుతో బస్సులు మారి వచ్చాడు. తపాలాలో వేస్తే ఇంకో పది రోజులు పడుతుందని తనే పట్టుకొచ్చానన్నాడు. గోధుమరంగు కవరు. కార్యదర్శి, శాంతి సంఘం అని నాన్న పేరు. లోపల నేను రాసిచ్చిన వాక్యమే, ఒక్క అక్షరం మారకుండా, గుండ్రటి సీలు కింద. గొడవయ్యాక వేలిముద్రల సంగతి ఎవరూ ఎత్తలేదట. ముప్ఫై ఒకటో తేదీ ఉన్న నెలల్లో ఆ రోజు ఎవరూ వల వేయరాదు. ఇక ముందు ఈ తేదీల ప్రకారమే వల వేయించవలసిందిగా పోలీసు స్టేషనుకి ఆదేశం.

"అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండమ్మా. సంతకం పడ్డాకే దీని నకలు రేపు స్టేషన్‌కి పోతుంది," అన్నాడు. మొహంలో ఎంత సంతోషమో. ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో.

మా అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగుతుండగా నేను ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాను. దాని కోసం తిరిగిన బస్సులన్నీ గుర్తొచ్చాయి. సంతకం పెడితే రేపటి నుంచి మళ్ళీ తేదీలు. మళ్ళీ సరి, మళ్ళీ బేసి, టెంటు, లాఠీలు. పెట్టకపోతే నకలు కదలదు, స్టేషనుకి తేదీలు చేరవు.

కవరులో పెట్టి ఆయన చేతికే ఇచ్చేశాను. చిరునామాదారు తీసుకోవడానికి నిరాకరించారు అని రాసుకోండి అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "మీరే కదమ్మా పదకొండు రోజులు నా ప్రాణం తీశారు?"

అవునన్నాను. జరిగింది చెప్పాను, పోలిరాజు అన్న మాట దగ్గర్నుంచి. ఆయన విన్నాడు. విని కవరు కేసి, సముద్రం కేసి చూశాడు. నిరాకరిస్తే మొత్తం ఒప్పందం ఫైలే మూసేస్తారు, మళ్ళీ తెరిపించడం నా వల్ల కాదమ్మా అన్నాడు. మూసేయండి సార్ అన్నాను. ఆయన కవరు సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని, మెల్లిగా రోడ్డెక్కాడు. ఎండలో వచ్చిన మనిషిని ఎండలోనే పంపించాను.

రెండు రోజుల కిందటే ఆసుపత్రి నుంచి వచ్చిన నాన్న లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడికంటి కట్టు ఇంకా విప్పలేదు. మాటలన్నీ విని ఉంటాడు, గోడ అంత పలచన.

"ఉత్తర్వు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాన్నా."

"సంతకం పెట్టావా?"

"పెట్టలేదు."

తడుముకుంటూ చెయ్యి చాపాడు. దగ్గరికెళితే నా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"మంచి పని చేశావు," అన్నాడు.

నేను ఆయన పక్కన కూర్చుని, వేసవి మొదలైన దగ్గర్నుంచి ఏడవనిదంతా అప్పుడు ఏడ్చాను.